బరంపురంలో వందమందికి భోజనం: ఏది ఎవరి చేత చేయించాలి?

వైజాగ్ నుంచీ హైదరాబాద్ నుంచీ మావాళ్ళు ఫోన్ చేసి అడిగేది ఒకటే. "బరంపురంలో ఫంక్షను పెట్టుకుంటున్నాం, మంచి కేటరర్ ఎవరైనా ఉంటే చెప్పు బాబూ." ఒక నంబరు ఇచ్చేస్తే నా పని అయిపోతుంది. కానీ మనసొప్పదు. ఈ ఊళ్ళో రుచి ఒక్క చేతిలో లేదు. పొద్దుటి ఇడ్లీ ఒక బండివాడిది, దాల్మా (కూరముక్కలు వేసిన ఒడియా పప్పు) ఒక ఒడియా వంటవాడిది, పులుసు ఒక తెలుగు వంటావిడది, ఛెనాపోడ అనే మిఠాయి ఇంకో వీధిది, ఊరగాయ మరో దుకాణానిది. అన్నీ నేనే చూసుకుంటానన్నవాడు ఏదీ పాడుచెయ్యడు, ఏదీ గుర్తుండేలా కూడా చెయ్యడు. అలాగని ఐదుగురి దగ్గర ఐదు రకాలు తెప్పించుకుంటే, ముహూర్తం వేళకి ఆ ఐదుగురిలో ఒకడు ఫోనెత్తడు. ఎక్కడిదాకా విడివిడిగా కూర్చుకోవచ్చు, ఎక్కడి నుంచి ఒకరికే అప్పజెప్పాలి అన్నదే అసలు లెక్క.

ఇరవై ఏళ్ళుగా మా ఇంటి చిన్నా పెద్దా కార్యాల తిండి బాధ్యత నా నెత్తినే ఉంది. ఒక ఒడుగు, మామగారి షష్టిపూర్తి, అన్నప్రాశనలు, కాలేజీ స్నేహితుల కలయికలు. కొన్ని బాగా కుదిరాయి. కొన్నింటి గురించి మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

మా బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే, తెలుగింట్లో. ఆ పాత సంబంధం ఇంకా చెక్కుచెదరకుండా కనిపించేది తిండిలోనే. పొద్దున్నే రోడ్డు పక్క బండి మీద ఇడ్లీ, వడ, పూరీ, ఉప్మా ఉంటాయి, వాటి పక్కనే గిన్నెలో ఘుగుని (ఎండు బఠానీల కూర) ఉంటుంది. వడని ఇక్కడ బరా అంటారు. ఉప్మా మీద ఘుగుని పోసుకుని తినే మనిషి తెలుగువాడో ఒడియావాడో చెప్పడం నా తరం కాదు. ఊళ్ళోవాళ్ళకి ఏం పెట్టినా పేచీ లేదు. పేచీ అంతా బయటి నుంచి వచ్చేవాళ్ళతో. సగంమంది "మీ ఒడిశా స్పెషల్ ఏమిటి?" అంటారు, మిగతా సగం పెరుగు గిన్నె ఎక్కడుందో చూసుకుంటారు.

ముందు రెండు కాలెండర్లు తెరవండి

నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. ఓ ఏడాది కార్తీకంలో, మా తమ్ముడికి సెలవు దొరికిందని, స్నేహితులందరినీ రాత్రి భోజనానికి పిలిచాను. మాంసం తిననివాళ్ళని వేరే లెక్కేసుకుని, డెబ్భైమందికి మటన్ చెప్పాను. ఆ తేదీ సరిగ్గా పంచుకలో పడింది. కార్తీక శుద్ధ ఏకాదశి నుంచి పున్నమి దాకా ఆ ఐదు రోజులూ ఒడియా ఇళ్ళల్లో, ఏడాది పొడుగునా చేప లేకుండా ముద్ద దిగని వాళ్ళు కూడా నీచు ముట్టరు. పక్కింటి మావుసీ కుటుంబం అంతా మర్యాదగా వచ్చి, కూర్చుని, అన్నమూ పప్పూ తిని లేచి వెళ్ళారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అదే ఇంకా బాధ. మిగిలిన మటన్ ఏం చెయ్యాలో తెలియక మర్నాడు నేను వీధులు తిరిగాను.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఒడియావాళ్ళకి నెల పున్నమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. వాళ్ళ కార్తీకం ఆశ్వయుజ పున్నమి మర్నాడే మొదలవుతుంది, మనది దీపావళి వెళ్ళాక. కార్తీక పున్నమి మర్నాడు వాళ్ళు ఛాడఖాయి చేసుకుంటారు. నెల రోజుల నియమం వదిలి చేపా మాంసం కొనుక్కునే రోజు అది, ఆవేళ బజారులో ధర అడగనక్కరలేదు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి మాత్రం ఇంకో పదిహేను రోజులు కార్తీకం మిగిలే ఉంటుంది. అంటే రెండు వైపుల చుట్టాలూ ఉన్న కార్యానికి ఆశ్వయుజ పున్నమి నుంచి కార్తీక అమావాస్య దాకా, దగ్గర దగ్గర 45 రోజులు, శాకాహారమే క్షేమం. మార్గశిర లక్ష్మివారాలు ఇద్దరికీ నోములే, వాళ్ళు మాణబసా అంటారు. పెళ్ళిళ్ళ నెలల్లో మంచి వంటవాళ్ళు రెండు నెలల ముందే కుదిరిపోతారు. రెండేళ్ళకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి జాతర రోజుల్లో అయితే ఊళ్ళో బండి నడపడమే కష్టం, సామాను ముందురోజే ఇంటికి చేర్చుకోవాలి.

రెండు గంటల పరీక్ష

తేదీ కుదిరాక రుచులు చూడ్డానికి బయల్దేరండి. ఒక్కరే వెళ్ళకండి, ఇద్దరు ముగ్గురు వెళ్తే నాలుగైదు రకాలు పంచుకుని తినొచ్చు. వాళ్ళలో ఒకరు బయటి ఊరివాళ్ళయితే మరీ మంచిది, మన నాలుకకి అలవాటైపోయిన ఆవనూనె ఘాటు వాళ్ళకి వెంటనే తెలుస్తుంది. పొద్దున బండ్లు, మధ్యాహ్నం భోజన హోటళ్ళు, సాయంత్రం మిఠాయి దుకాణాలు. పెద్దబజారు, గిరి మార్కెట్, ఆస్కా రోడ్డు వైపు రెండు పూటలు తిరిగితే చాలావరకు పని అయిపోతుంది. బోర్డు పెద్దదా చిన్నదా అన్నది చూడొద్దు, ఆఫీసు గుమాస్తాలు, ఆస్పత్రి డ్యూటీ దిగినవాళ్ళు ఎక్కడ నిలబడి తింటున్నారో చూడండి. రోజూ తినేవాళ్ళని మోసం చేసి బండి నడపడం కష్టం.

అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, అక్కడే వేడివేడిగా తిని, ఆహా అని, మర్నాడే వందమందికి ఆర్డరిచ్చేయడం. బండి దగ్గర వేడి వడ ఎవరిదైనా బాగానే ఉంటుంది. మీ అతిథి తినేది బండి దగ్గర కాదు, మండపంలో, అదీ కట్టించిన రెండు గంటలకి. అందుకని రుచి నచ్చినచోట ఒక పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చి, రెండు గంటలు అలాగే వదిలేసి, అప్పుడు మూత తీసి తినండి. ఘుగుని ఈ పరీక్షలో ఎప్పుడూ గెలుస్తుంది, ఇంకాస్త చిక్కబడి బాగుంటుంది కూడా. ఇడ్లీ ఫరవాలేదు, తడిగుడ్డ కప్పితే. వడ సాగుతుంది. పకోడీ మెత్తబడి చల్లారిన బజ్జీలాగ అవుతుంది. పల్లీచట్నీ ఎండాకాలంలో పులిసిపోతుంది. దాల్మా గట్టిపడుతుంది గానీ వేణ్ణీళ్ళు పోసి మళ్ళీ కాస్తే మొదటి రుచే వస్తుంది. ఈ ఒక్క పరీక్షతో సగం జాబితా దానంతటదే తేలిపోతుంది. పరీక్షలో ఓడినవన్నీ అక్కడికక్కడే వేయించి పెట్టాలి, లేదా మానెయ్యాలి.

నలభైమందా, వందా, రెండొందలా

నలభైమంది లోపు అయితే నేను ఎవరినీ కుదర్చను. ఇంట్లో అన్నం, చారు, ఒక వేపుడు. మిగతావన్నీ ఎవరిది పేరుందో వాళ్ళ దగ్గర నుంచే. బండివాడితో ముందురోజు సాయంత్రం మాట్లాడి సగం డబ్బు చేతిలో పెడితే, పొద్దున ఆరున్నరకి మొదటి వాయి మనకే దించుతాడు. గిన్నెలు మనవే పంపాలి. ప్లాస్టిక్ కవర్లలో సాంబారు తెచ్చుకుని గిన్నెల్లోకి పిండుకునే బాధ నేను పడ్డాను, మీకొద్దు. ఈ పద్ధతికి అసలు ఖర్చు ఆటోలు, తిరిగే మనుషులు. ఇంట్లో స్కూటర్ నడిపే కుర్రాళ్ళు ఇద్దరుంటేనే దీనికి దిగండి.

అరవై నుంచి నూట యాభై దాకా నా ఓటు వంటమేస్త్రికే. సామాను మనం కొనిస్తాం, అతను నలుగురైదుగురు మనుషులతో వచ్చి పెరట్లోనో మండపంలోనో వండిపోతాడు. డబ్బు కలిసొస్తుందని కాదు, వంట మన కళ్ళముందు జరుగుతుందని. చివరి నిమిషంలో ఇరవైమంది ఎక్కువొస్తే ఇంకో గ్లాసుడు పప్పు పడెయ్యమని చెప్పగలం. రెండో బంతికి అన్నం వేడిగా వార్చి పెట్టగలం. దీనికి మీ వైపు నుంచి ఒక మనిషి పూర్తిగా వంటశాలలోనే ఉండాలి, నూనె ఎంత అయిందో, పాలు ఎక్కడ పెట్టారో చూస్తూ. ఆ మనిషి మీరే అయితే ఆవేళ మీరు అతిథుల్ని పలకరించలేరు, ఫోటోల్లో కూడా ఉండరు. మామగారి షష్టిపూర్తి ఆల్బంలో నేను ఒక్కచోటే ఉన్నాను, అదీ గరిటెతో.

మేస్త్రి ఇచ్చే జాబితాని గుడ్డిగా కొనెయ్యకండి. వందమందికి, అందులో పిల్లలూ పెద్దవాళ్ళూ కలిసి ఉంటే, నేను వేసుకునే లెక్క ఇది: తెల్లన్నంతో పాటు పులిహోరో నేతి అన్నమో ఉంటే మొత్తం బియ్యం 11 కిలోలు, దాల్మాకి పప్పు 4 కిలోలు, కూరముక్కలు 7 కిలోలు, మటన్ అయితే 16 కిలోలు, పెరుగు 10 లీటర్లు. ఒడియా అతిథులు ఎక్కువుంటే బియ్యం ఒక కిలో పెంచి పెరుగు తగ్గిస్తాను, హైదరాబాద్ వాళ్ళు ఎక్కువైతే దానికి సరిగ్గా తిరగేస్తాను. గ్యాసు 19 కిలోల వాణిజ్య సిలిండర్లు రెండు. ఇంటి ఎర్ర సిలిండరు తెచ్చి పెట్టడం చట్టానికీ విరుద్ధం, పెద్ద పొయ్యికీ చాలదు.

రెండొందలు దాటితే మొండికెయ్యకుండా ప్లేటు రేటు కేటరర్ దగ్గరికి వెళ్ళండి. రుచిలో ఒక మెట్టు దిగుతారు, నిద్ర మాత్రం పడుతుంది. మాట్లాడేటప్పుడు ప్లేటు రేటు కంటే ముందు అడగాల్సినవి కొన్నున్నాయి. ఎన్ని ప్లేట్లకి తగ్గకుండా డబ్బు కట్టాలి? ప్లేటు లెక్క ఎలా, కంచాలు లెక్కపెడతారా, మనుషుల్నా? వడ్డించేవాళ్ళు ఎంతమంది? మిగిలింది ఎవరిది? ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఇచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరు బిల్లు మీద ఉందా? చివరిది అడగ్గానే మాట మార్చేవాడితో నేను ముందుకెళ్ళను. ఒకసారి ఒకతను ముప్ఫై రకాల పట్టిక చూపించి మమ్మల్ని మురిపించాడు. ఫంక్షను రోజున ముప్ఫై రకాలూ ఉన్నాయి. అన్నీ గోరువెచ్చగా, అన్నీ ఒకే మసాలాతో. ముప్ఫై గిన్నెలకి పొయ్యిలు మాత్రం మూడే తెచ్చాడు. అప్పటి నుంచీ రకాల సంఖ్య కాదు, పొయ్యిల సంఖ్య అడుగుతున్నాను.

తెలుగు వంటవాళ్ళా, ఒడియా వంటవాళ్ళా

ఇది ఇళ్ళల్లో గొడవలు తెచ్చే ప్రశ్న. ఇచ్ఛాపురం ఇక్కడికి 25 కిలోమీటర్లే కాబట్టి అక్కడి నుంచి, ఇంకాస్త కిందికెళ్తే సోంపేట నుంచి తెలుగు వంటవాళ్ళు వస్తారు, ఊళ్ళోనూ ఉన్నారు. ఒడియా వంటవాళ్ళని రోసెయా అంటారు, వీధికి ఒకరు దొరుకుతారు. ఎవరు గొప్ప అన్న చర్చ వదిలేసి, ఎవరి చేతిలో ఏది పండుతుందో చూసుకుందాం.

పప్పు విషయంలో నేను ఒడియా పక్షం. దాల్మాలో కందిపప్పుతో పాటు అరటికాయ, బొప్పాయికాయ, గుమ్మడికాయ, చామదుంప, వంకాయ పడతాయి. ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర కలిపిన పంచఫుటణ తాలింపు, పైన కొబ్బరి, వేయించిన జీలకర్ర ఎండుమిర్చి పొడి. ఉల్లీ వెల్లుల్లీ లేవు కాబట్టి మడిగట్టుకున్న మామ్మగారి నుంచి పసిపిల్లల దాకా అందరూ తింటారు. కూరా పప్పూ ఒకే గిన్నెలో ఉండటం వల్ల వడ్డనలో ఒక మనిషి కలిసొస్తాడు. చింతపండు పడదు, అది గుర్తుంచుకోండి. పులుపు లేకుండా మనవాళ్ళకి భోజనం చప్పగా ఉంటుంది. దానికి జోడీగా తెలుగు చేతి గుమ్మడికాయ పులుసు గానీ దప్పళం గానీ పెట్టండి. దాల్మా తర్వాత పులుసు, పులుసు తర్వాత పెరుగు. ఈ వరసని రెండు వైపులవాళ్ళూ మెచ్చుకున్నారు, మూడుసార్లు పెట్టాను కాబట్టి చెప్తున్నా.

ఆవ విషయంలో పోటీ సమం. మనం పనసపొట్టులో ఆవ పెడతాం, వాళ్ళు బేసర అని కూరగాయల్లోనూ చేపలోనూ ఆవముద్ద వేస్తారు. బుద్ధి ఒకటే, నూనె వేరు. వాళ్ళది ఆవనూనె. హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిది మొదటి ముద్దకే "బావా, ఇదేంటి ముక్కులోకి పోతోంది?" అన్నాడు. చుట్టాలు ఎక్కువుంటే, బేసర ఒక్కదానికే ఆవనూనె వాడి మిగతావాటికి వేరుశెనగ నూనో రిఫైండో వాడమని సామాను కొన్నప్పుడే చెప్పాలి. వంట మొదలయ్యాక చెప్తే ఎవరూ వినరు.

బియ్యం దగ్గర కూడా జాగ్రత్త. ఒడియా ఇళ్ళల్లో రోజువారీ అన్నం ఉసునా, అంటే ఉప్పుడు బియ్యం. పూజలకీ వ్రతాలకీ అరువా, మన పచ్చిబియ్యం. రోసెయాకి బియ్యం తెమ్మని వదిలేస్తే ఉసునా తేవచ్చు. అది దాల్మాతో బ్రహ్మాండం, పెరుగన్నానికి పనికిరాదు. నేతి అన్నంలాగ చేసే కనికాకి మాత్రం సువాసన బియ్యం కావాలి. కొరాపుట్ కాళజీర దొరికితే దాన్ని మించింది లేదు. గింజ చిన్నది, నల్లగా జీలకర్రలా ఉంటుంది పొట్టు తియ్యకముందు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చాక అడిగేవాళ్ళు పెరిగారు. కనిక తియ్యగా ఉంటుందని మనవాళ్ళకి ముందే చెప్పడం మంచిది. లేకపోతే పులిహోర అనుకుని గరిటెడు వేయించుకుని మొహం చిట్లిస్తారు.

మటన్‌లో ఒడియావాళ్ళు బంగాళాదుంప వేస్తారు. మొదట నాకూ ముక్కలు ఎగ్గొట్టడానికి వేశారేమో అనిపించింది. తిన్నాక, దుంపకే ముందు చెయ్యి వెళ్తుంది. ఈ పల్చటి ఝోళ (పులుసుకూర) వందమందికి మన గోంగూర మాంసం కంటే తేలిగ్గా సరిపోతుంది, పిల్లలకి కారమూ తక్కువ. కారంతో చెమట పట్టాలనుకునే బ్యాచి ఉంటే మాత్రం తెలుగు వంటవాడే దిక్కు.

ఖట్టా గురించి వేరే చెప్పాలి. టమాటా, ఖర్జూరం, బెల్లం, కాస్త అల్లం పడే తీపి పులుపు పచ్చడి అది. ఒడియా భోజీలో చివర్న, పాయసానికి ముందు వస్తుంది. మనవాళ్ళు దాన్ని స్వీటు అనుకుంటారో జామ్ అనుకుంటారో గానీ రెండోసారి అడగని మనిషిని చూడలేదు. ఏ వంటవాళ్ళని కుదుర్చుకున్నా ఖట్టా మాత్రం ఒడియా మనిషి చేతే చేయించండి.

మరి ఒక్క జట్టునే పెట్టుకోవాలంటే? నేనైతే తెలుగు మేస్త్రిని పెట్టుకుని, దాల్మాకీ ఖట్టాకీ ఒక రోసెయాని విడిగా పిలుస్తాను. మెయిన్ మేస్త్రికి ముందే చెప్పి, అతని ఒప్పుకోలు తీసుకుని. చెప్పకుండా తెస్తే పొయ్యిల దగ్గర మాటలు పెరుగుతాయి.

సముద్రం, చిలికా

బయటివాళ్ళు వస్తే రొయ్యలు పీతలు అడుగుతారు. అడగడంలో తప్పు లేదు, ఒకవైపు 16 కిలోమీటర్లలో గోపాల్‌పూర్ సముద్రం, ఇంకోవైపు రంభ దగ్గర చిలికా సరస్సు. నా సలహా మాత్రం ఒకటి: సముద్రపు తిండిని వందమంది మండపానికి తీసుకురాకండి, ముప్ఫైమందిని దాని దగ్గరికి తీసుకెళ్ళండి. మన ఎండకి పొద్దున వండిన రొయ్యల కూర మధ్యాహ్నం దాకా ఉంచడం సాహసం. వండినది వేడిగా, 60 డిగ్రీల పైన ఉండాలి, లేదా రెండు గంటల్లో తినెయ్యాలి. ఫంక్షను మర్నాడు, ఇంకా ఊళ్ళో ఉండిపోయిన దగ్గరివాళ్ళని మాత్రం గోపాల్‌పూర్ గానీ రంభ గానీ తీసుకెళ్ళి అక్కడే మధ్యాహ్నం భోజనం పెట్టించండి. ఒడిశా టూరిజం వాళ్ళ పాంథనివాస్‌లు రెండుచోట్లా ఉన్నాయి. ఎక్కడ తిన్నా ముందురోజే మనుషుల లెక్క చెప్పాలి.

గోపాల్‌పూరా రంభా అంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో యంత్రపు పడవల వేటకి నిషేధం. ఆ 61 రోజులూ సముద్రపు చేప పేరుతో ఐసు చేపే వస్తుంది, ఆ రోజుల్లో చిలికా వైపే వెళ్ళండి. చిలికా నీళ్ళు కొంత ఉప్పు కొంత తీపి. అందుకే అక్కడి పండుగప్పకీ (భేక్టి అని అడగాలి), రొయ్యకీ రుచి వేరు. వీళ్ళు మెచ్చుకునే ఖయింగా చేప మనవాళ్ళకి అంతగా తెలియదు. వేపుడు చేయించి పెడితే ఇంకో ప్లేటు అడుగుతారు. రొయ్యలు కొనేటప్పుడు తలా పొట్టూ తీస్తే సగం దాకా పోతుందని లెక్కేసుకోండి. పీతలు ఇరవైమంది దాటితే వద్దు. ఒక్కొక్కరు గంటసేపు చిప్పలతో కుస్తీపడతారు, చేతులు కడుక్కునేచోట క్యూ, చీరల మీద పులుసు. రొయ్యా పీతా పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో ముందే అడిగి పెట్టుకోవాలి, ఇది మాత్రం సరదా సంగతి కాదు.

వేసవి కలయిక అయితే ఇంకో మాట. చుట్టాలంతా మే ఎండలో దిగితే మధ్యాహ్నం విందు ఎవరికీ ఎక్కదు. మేము ఒకసారి పఖాళ పెట్టాం. రాత్రి నీళ్ళు పోసి ఉంచిన అన్నం, పెరుగు, నిమ్మాకు, పక్కన బడిచూరా (వేయించి నలిపిన వడియాల పొడి, వెల్లుల్లి, పచ్చిమిర్చి), ఆకుకూర వేపుడు, వేయించిన చేప. పలాస నుంచి వచ్చిన పెద్దనాన్నగారు "ఇది మా అమ్మ పెట్టిన చద్దన్నం కదరా" అని తొరాణి నీళ్ళు గ్లాసులో పోయించుకుని తాగారు. ఒడిశాలో మార్చి 20న దీనికి ఒక రోజే జరుపుతారు. ఖర్చు అన్నింటికంటే తక్కువ, వంటమనిషి ఒక్కరు చాలు. పిల్లలు మాత్రం తినరు, వాళ్ళకి ఇడ్లీ బండి ఎలాగూ ఉంది.

తీపి

బూరెలు మన గౌరవం, ఒప్పుకుంటా. కానీ బూరె వేడిగా మూకుట్లోంచి విస్తట్లోకి రావాలి, ఎవరో ఒకరు భోజనాలు అయ్యేదాకా పొయ్యి దగ్గరే ఉండాలి. ఆ మనిషి ఉంటే పెట్టండి. లేకపోతే ఛెనాపోడ. విరగ్గొట్టిన పాలముద్దని కాల్చి చేస్తారు, అంచు మాడి, లోపల మెత్తగా. నయాగఢ్ వైపు పుట్టిన తీపి. కత్తితో ముక్కలు కోసుకుంటూ పోతే వందమందికి పది నిమిషాల పని, పాకం కారదు, మర్నాటికీ బాగుంటుంది. రసగుల్లా (ఒడిశా రసగోలాకి 2019లో గుర్తింపు వచ్చింది) సరదాగా ఉంటుంది గానీ, పాకం ఒంపుతూ దొప్పలు సర్దుతూ వడ్డించేవాళ్ళు విసుక్కుంటారు. దొప్పల్లో ముందే పెట్టి ఉంచితే ఈగలు. అరిసెలయితే ఇంకా తేలిక, వాళ్ళు అరిసా పిఠా అంటారు, రెండూ ఒకటే. వారం ముందు చేసి పెట్టుకోవచ్చు, ఎవరింటి అరిసె అని ఎవరూ అడగరు.

పాయసంలో మొగలి నీళ్ళు వేయించాలని ఒకసారి అందరికీ సరదా పుడుతుంది. దేశంలో మొగలి అత్తరు చాలావరకు వెళ్ళేది గంజాం తీరం నుంచే కాబట్టి పుట్టాలి కూడా. పది లీటర్ల పాయసానికి రెండు చెంచాలు మించితే మాత్రం అది పాయసం కాదు, పెళ్ళికొడుక్కి పూసే అత్తరు.

వడ్డనకి అడ్డాకు విస్తరి దొరికితే అదే తీసుకోండి, ఇక్కడ సియాలీ ఆకు అంటే తెస్తారు. సాల ఆకుల ఖలి కూడా బాగుంటుంది, వేడన్నం పడగానే వచ్చే ఆ వాసన పింగాణీ కంచానికి రాదు. పులుసున్న భోజనానికి మాత్రం పుల్లలతో కుట్టిన ఆకు రెండు పొరలుండాలి. ముందు పది ఆకులు తెచ్చి పులుసు పోసి చూసుకోండి.

ఇంక వెళ్ళేవాళ్ళ చేతిలో ఏం పెట్టాలి? ఇక్కడ ప్లాస్టిక్ డబ్బాల్లో స్వీట్లు పెట్టడం నాకు నచ్చదు, ఆ స్వీట్లు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. బరంపురం ఊరగాయలకీ అప్పడాలకీ వడియాలకీ పేరున్న ఊరు. కుటుంబానికో పావుకిలో ఊరగాయ, ఒక కట్ట అప్పడాలు, ఒక పొట్లం బూడిదగుమ్మడి వడియాలు. దుకాణంలో నాలుగు రకాలు నాలుక మీద వేయించుకుని చూసి కొనండి, కొన్నింట్లో ఆవనూనె ఉంటుంది, కొన్నింట్లో నువ్వుల నూనె. సీసాలు రైలులో పగులుతాయి, పొట్లాలు కారతాయి. మూత బిగించాక సీసా మూతి చుట్టూ ప్లాస్టిక్ కాగితం వేసి దారంతో కట్టించి, నిలబెట్టే పెట్టమని చెప్పి ఇవ్వండి. కిందటిసారి మా వదినకి చెప్పడం మరిచిపోయాను. విశాఖ చేరేసరికి ఆవిడ పట్టుచీర కొంగు మామిడికాయ ఊరగాయ రంగులో ఉందట, ఈ మధ్యనే మళ్ళీ ఫోన్లో గుర్తుచేసింది.